ఇండికేటర్ వేయకుండా లెఫ్ట్ కొట్టేవాళ్లకి చలానా ఎందుకు పడదు? సైకిల్ తొక్కేవాళ్లం ఏం చేయాలి?

నిజాంపేట సైకిల్

అందరికీ నమస్తే. నేను నిజాంపేటలో ఉంటా, ఆఫీస్ మాదాపూర్‌లో. వారంలో మూడు రోజులు స్కూటర్, రెండు రోజులు సైకిల్. సైకిల్ మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది, ఇన్నాళ్లూ ఏం కాలేదు, పోయిన మంగళవారం మాత్రం పడ్డాను. అది చెప్పి ఒకటి రెండు విషయాలు అడుగుదామని ఈ పోస్ట్ పెడుతున్నా, కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి.

పొద్దున ఏడున్నర అప్పుడు, రోడ్డు ఇంకా పలచగానే ఉంది, ఎడమ అంచున నా మానాన నేను వెళ్తున్నా. ఒక తెల్ల కారు నన్ను దాటింది. దాటింది అనుకునేలోపే ఎడమ పక్కనున్న కాలనీ రోడ్డులోకి తిప్పేశాడు. ఇండికేటర్ లేదు, ముందుగా స్లో అవ్వడం కూడా లేదు, బ్రేక్ లైట్ వెలగడం నాకు కనిపించేసరికే కారు నా ముందు అడ్డంగా ఉంది. రెండు బ్రేకులూ పట్టేశా, అయినా ముందు చక్రం వెళ్లి వెనక డోర్‌కి తగిలింది, నేను ఎడమ చెయ్యి మీద పడ్డా. మోచేతి కింద జానెడు మేర చర్మం లేచిపోయింది, హ్యాండిల్ వంకర పోయింది, హెల్మెట్ మీద గీత పడింది. ఎముకలకి ఏం కాలేదు, అదే పదివేలు.

ఆయన వెంటనే దిగాడు, చెడ్డ మనిషేం కాదు, నీళ్ల బాటిల్ తెచ్చి చెయ్యి కడిగాడు, హాస్పిటల్‌కి తీసుకెళ్తా అన్నాడు. కానీ ఆయన అన్న మాట మాత్రం ఇంకా చెవిలోనే ఉంది. ఇండికేటర్ ఎందుకు వేయలేదన్నా అంటే "ముందు ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు, ఇంకెవరికి వేయాలి తమ్ముడూ" అన్నాడు. రెండు సెకన్ల ముందు నన్నే దాటి వచ్చాడు, అయినా ఆయన లెక్కలో వెనక ఎవరూ లేరు. అబద్ధం ఆడుతున్నాడని నాకు అనిపించలేదు, నిజంగానే అలా అనుకున్నాడు, నాకు భయం వేసింది కూడా అందుకే.

ముందు జంక్షన్‌లో డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ ఆయనకి చెప్పా. నా చెయ్యి చూసి ముందు టీటీ ఇంజెక్షన్ చేయించుకోమన్నాడు, తర్వాత "ఫోటో తీసినా ఇండికేటర్ వేయలేదని అందులో ఎలా తెలుస్తుంది బాబూ" అన్నాడు. హెల్మెట్ లేకపోతే ఫోటో, స్టాప్ లైన్ దాటితే ఫోటో, ముగ్గురు ఎక్కితే ఫోటో, మరి దీనికి అసలు రూలే లేదా?

ఆ రోజు నుంచి స్కూటర్ మీద వెళ్లినా నా కళ్లు అందరి ఇండికేటర్ల మీదే. అసలు వేయనివాళ్లు ఒక రకం, తిరగడం మొదలుపెట్టాక వేసేవాళ్లు ఇంకో రకం, వీళ్లే ఎక్కువ. బండి ముక్కు ఎటు తిరిగిందో కనిపిస్తూనే ఉంది, అప్పుడు లైట్ వేసి ఎవరికి చెప్తున్నట్టు? ఆటో అన్నలు కొందరు ఎడమ కాలు బయటికి చాపుతారు, నిజం చెప్పాలంటే ఆ కాలు చూసి బతికిపోయిన రోజులు ఉన్నాయి నాకు, కనీసం ముందే చాపుతారు.

అడిగేవి రెండు. ఒకటి, చట్టంలో దీనికి ఫైన్ ఉందా, ఉంటే ఎందుకు వేయరు. రెండు, సైకిల్ మీద వెళ్లేవాడు వెనకవాళ్లకి అర్థమయ్యేలా ఎలా చూపించాలి, చెయ్యి చాపితే బ్యాలెన్స్ పోతుందేమో అని నాకు భయం. తెలిసినవాళ్లు చెప్పండి.

ఖాకీ ఇల్లు

నాన్న ట్రాఫిక్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యారు, మీ పోస్ట్ ఆయనకి చదివి వినిపించి, ఆయన చెప్పింది, నాకు తెలిసింది కలిపి రాస్తున్నా. ముందు మీ చెయ్యి జాగ్రత్త, కట్టు తడవనీయకండి.

రూల్ ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 121 ఇదే, డ్రైవర్ ఎప్పుడెప్పుడు ఏ సిగ్నల్ ఇవ్వాలో కేంద్రం చెప్తుంది, అది ఇచ్చి తీరాలి అని. ఫైన్ విషయానికొస్తే, విడిగా శిక్ష రాయని తప్పులన్నిటికీ సెక్షన్ 177 ఉంది, 2019 సెప్టెంబర్ 1 నుంచి కేంద్ర చట్టం ప్రకారం మొదటిసారి 500 దాకా, మళ్లీ చేస్తే 1500 దాకా. అంతకుముందు 100, 300 ఉండేది. ఇవి కాక 2017లో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్స్ ఉన్నాయి, వాటిని తప్పితే 177ఎ కింద 500 నుంచి 1000. కాబట్టి చట్టంలో లేదు అనడానికి లేదు.

మరి ఎందుకు పడదు అంటే, మీకు ఆ ట్రాఫిక్ ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇండికేటర్ ఎలా ఉండాలో కూడా రూల్సే చెప్తాయి, నిమిషానికి 60కి తగ్గకుండా 120కి మించకుండా వెలిగి ఆరాలి. అంటే సెకనుకి ఒకసారో రెండుసార్లో. వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. ఆరిన క్షణంలో ఫోటో తీస్తే పద్ధతిగా వేసినవాడు కూడా వేయనట్టే పడతాడు. హెల్మెట్ అయితే తల మీద ఉంటుంది లేదా ఉండదు, ఒక్క ఫోటో చాలు. ఇండికేటర్ వేయలేదని నిరూపించాలంటే టర్నింగ్‌కి ముందు నుంచి కొన్ని సెకన్ల వీడియో కావాలి, అందులో నంబర్ ప్లేట్ కనపడాలి, వెనక లైట్ కనపడాలి, వేరే బండి అడ్డం రాకూడదు. మన రోడ్ల మీద ఇవన్నీ ఒకేసారి కుదరడం ఎంత కష్టమో మీకే తెలుసు. నాన్న సర్వీస్ మొత్తంలో ఇండికేటర్ ఒక్కదానికే రాసిన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు అంటున్నారు, అవి కూడా కళ్ల ముందే గుద్దుకున్నప్పుడు.

ఇంకో సంగతి. కేంద్రం ఏటా రోడ్డు ప్రమాదాల రిపోర్ట్ వేస్తుంది. 2022లో దేశం మొత్తం మీద 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ మీద వెళ్లేవాళ్లే. ఏ తప్పు వల్ల జరిగింది అనే పట్టికలో ఓవర్ స్పీడ్, తాగి నడపడం, రాంగ్ సైడ్, రెడ్ లైట్ జంప్, సెల్‌ఫోన్ ఇవి పేరుపెట్టి ఉంటాయి, మిగతావన్నీ ఇతరాలు. సిగ్నల్ ఇవ్వకుండా తిరగడం ఆ ఇతరాల్లో కలిసిపోతుంది. మీరు పడ్డారే, అది ఏ లెక్కలోకీ రాదు, మీరు కంప్లైంట్ ఇచ్చినా అది ఇతరాల్లోకే పోయేది. లెక్కలోకి రానిదాని మీద స్పెషల్ డ్రైవ్ పెట్టమని పై ఆఫీసర్‌ని ఎవరు అడుగుతారు చెప్పండి.

ఫైన్ల మీద నాకు పెద్ద నమ్మకం కూడా లేదు. మన తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలానాలకి టూవీలర్‌కి 75 శాతం తగ్గింపు ఇచ్చారు, మళ్లీ 2023 డిసెంబర్ చివర్లో 80 శాతం. మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు సగం మంది మళ్లీ ఆఫర్ వచ్చినప్పుడు కడదాంలే అని కూర్చున్నారు. ఇండికేటర్‌కి చలానా మొదలుపెట్టినా ఆ కట్టలోనే ఇంకో కాగితం అవుతుంది తప్ప మనిషి మారడు అని నా ఉద్దేశం. లైసెన్స్ ఇచ్చే దగ్గర పట్టుకోవాలి దీన్ని. టెస్ట్‌లో సరైన సమయానికి చేత్తో గానీ ఇండికేటర్‌తో గానీ స్పష్టంగా సిగ్నల్ ఇవ్వగలగాలి అని రూల్స్‌లోనే ఉంది, అది గట్టిగా చూస్తే చాలు.

టెన్ టైర్

అన్నా నమస్తే, మాది సూర్యాపేట. మా నాయిన లారీ నడిపిండు, నేను కూడా ఎనిమిదేండ్లు నడిపి ఇప్పుడు సొంత బండి పెట్టుకున్న. చిన్న బండ్లోళ్లకి తెల్వని ముచ్చట ఒకటి చెప్త, సైకిల్ మీద పోయేటోళ్లకి మస్తు అవసరం.

హైవే మీద లారీ రైట్ ఇండికేటర్ కొడితే దానికి రెండు అర్థాలు ఉంటయ్. నేను రైట్ పోతున్న అని ఒకటి. ముందట ఖాళీ ఉన్నది, నువ్వు నన్ను దాటి పో అని ఇంకోటి. ఇది ఎట్లొచ్చిందంటే, మా నాయిన కాలంల కుడి చెయ్యి బయటికి పెట్టి ముందుకెనకకి ఊపుతుండె, పో పో అని, పాత రూల్ పుస్తకంల కూడా ఆ చెయ్యి సైగ ఉండె. ఇప్పుడు ఎవలు చెయ్యి బయటికి పెడ్తరు, ఆ పని లైట్‌కి వచ్చింది. కొందరు లెఫ్ట్ కొట్టి పొమ్మంటరు, ఒక్కో రాష్ట్రం డ్రైవర్ది ఒక్కో తీరు. ఇగ విజయవాడ హైవే మీద డివైడర్ కాడ సందు ఉంటది, అవతల పెట్రోల్ బంక్ ఉంటది, లారీ నిజంగనే రైట్ తిప్పుదామని లైట్ ఏస్తడు, ఎనక కారోడు నన్నే పొమ్మంటుండు అనుకొని కుడి దిక్కు నుంచి దూరుతడు. గట్ల అయిన యాక్సిడెంట్ నా కండ్లతోటి చూసిన, కారుల ఉన్నది భార్యాభర్తలు, చిన్న పాప, దేవుని దయ బతికిన్రు. ఆ రోజు నుంచి నేను ఎవ్వరికీ లైట్‌తోటి దారి చెప్పను. నేను తిరిగితేనే ఏస్త. ఎనకోడు హారన్ కొట్టి సావగొట్టినా సరే, చూసుకొని వాడే దాటాలె.

ఇంకోటి డబుల్ ఇండికేటర్. నాలుగు లైట్లు ఒక్కసారి కొట్టుకుంటయ్ కదా, అది బండి చెడిపోయి రోడ్డు మీద నిలబడ్డప్పుడు ఏసేది. మనోళ్లు చౌరస్తా కాడ నేను సీదా పోతున్న అని చెప్పనీకి ఏస్తున్నరు, వాన పడ్తే ఏసుకొని నడుపుతున్నరు. ఎడమ దిక్కు నుంచి వచ్చేటోనికి ఒక్క దిక్కు లైటే కనపడ్తది, వీడు లెఫ్ట్ పోతుండు అనుకొని వాడు ముందుకొస్తడు. సీదా పోయేటోడు ఏ లైటూ ఎయ్యొద్దు, గంతే.

ఇగ నీ సైకిల్ ముచ్చట. పెద్ద బండి ఎడమ దిక్కు మాకు కనపడదు అన్నా, నిజంగ కనపడదు. అద్దం ఉంటది కానీ డోర్ కింద, ముందు చక్రం పక్కన ఉన్నోడు అద్దంల పడడు. ఇంతకుముందు క్లీనర్ ఉంటుండె, తల బయటికి పెట్టి చూసి బాడీ మీద చెయ్యితోటి కొట్టి చెప్తుండె, పో అంటే ఒక తీరు, ఆగు అంటే ఒక తీరు. ఇప్పుడు మస్తు బండ్లు ఒక్క డ్రైవర్‌తోనే నడుస్తున్నయ్. సిగ్నల్ కాడ లారీ గానీ బస్సు గానీ ఆగి ఉంటే దాని ఎడమ సందుల నుంచి ముందుకి పోకు, ఎనకనే ఆగు. లైట్ ఏసిండా లేదా అని కూడా చూడకు, ఎనకనే ఉండు.

కేపీహెచ్‌బీ కుర్రోడు

బ్రో మీరంతా చెప్పేది కరెక్టే కానీ ఒక్కసారి నా వైపు నుంచి కూడా చూడండి. జేఎన్‌టీయూ దగ్గర యూటర్న్ కోసం కుడి లైన్‌లోకి రావాలి, నేను ఇండికేటర్ వేయగానే వెనక కారు స్పీడ్ పెంచి ఆ ఖాళీ మూసేస్తాడు. రోజూ ఇదే. వేయకుండా టక్కున దూరితే బ్రేక్ కొడతాడు, దారి ఇస్తాడు. వేసినవాడికి దారి ఇవ్వకపోతే ఎవడు వేస్తాడు? నేను కావాలని మానేయలేదు, రోడ్డే నాకు మానేయడం నేర్పింది.

నిజాంపేట సైకిల్

బ్రో మీ బాధ నాకు తెలుసు, స్కూటర్ మీద నేనూ అక్కడే ఇరుక్కుంటా. కానీ ఆ వెనక కారుకీ నీకూ మధ్యలో నాలాంటోడు ఉంటే నువ్వు టక్కున దూరినప్పుడు బ్రేక్ కొట్టేది ఆ కారు కాదు, నేను. నాకు అంత బ్రేక్ లేదు. ఒక కారు మూసేస్తే రెండోవాడో మూడోవాడో ఇస్తున్నాడు, ఈ వారం గమనించా. కొంచెం ముందు నుంచే వేసి, అద్దంలో చూసి, ఖాళీ వచ్చాక జరిగితే ఇంకో పది సెకన్లు పడుతుంది, అంతే.

ఖాకీ ఇల్లు గారు, మీ నాన్నగారికి థాంక్స్ చెప్పండి. ఫోటోలో ఎందుకు దొరకదో ఇప్పుడు అర్థమైంది. టెన్ టైర్ అన్నా, మీరు చెప్పిన ఎడమ సందు తప్పు నేను రోజూ చేస్తున్నా, ఇంక చెయ్యను.

హన్మకొండ స్కూటీ

నేను స్కూటీ నేర్చుకుని మూడు నెలలే అయింది, నా డౌట్ ఒకటి అడగొచ్చా. డ్రైవింగ్ స్కూల్‌లో నాకు ఎనిమిది ఎలా వేయాలో పదిహేను రోజులు నేర్పారు, ఇండికేటర్ గురించి ఒక్క మాట చెప్పారు, "బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూస్తుంటాడు, టర్నింగ్‌లో వెయ్యి" అని. ఎంత ముందు వేయాలి, ఎప్పుడు తీసేయాలి ఎవరూ చెప్పలేదు. కారు అయితే స్టీరింగ్ తిరిగి వచ్చాక దానంతటదే ఆగిపోతుంది కదా, స్కూటీకి నేనే బటన్ నొక్కాలి, మర్చిపోతున్నా. మొన్న లెఫ్ట్ తిరిగాక కిలోమీటర్ దాకా అలాగే కొట్టుకుంటూ ఉంది, పక్క సందులో నుంచి ఒక పెద్దాయన బండి మీద వస్తూ నేను లోపలికి తిరుగుతున్నా అనుకుని ముందుకి వచ్చేశాడు, ఇద్దరం జానెడు దూరంలో ఆగాం. ఆయన నన్ను ఏం అనలేదు, లైట్ వైపు చూపించి వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చాక చేతులు వణికాయి. వేయకపోవడం కన్నా వేసి మర్చిపోవడం ఇంకా ప్రమాదమేమో అనిపిస్తోంది. మీరంతా ఎలా గుర్తుపెట్టుకుంటారు?

ఖాకీ ఇల్లు

అమ్మా, మీరు ఆ మాట అడిగారంటేనే సగం నేర్చుకున్నట్టు. పాత బండ్లకి బజర్ ఉండేది గుర్తుందా, పీక్ పీక్ అని మోగుతూ ఉండేది, చుట్టుపక్కల వాళ్లకి చిరాకే కానీ మర్చిపోవడానికి కుదిరేది కాదు. ఇప్పుడు కూడా మెకానిక్‌ని అడిగితే చిన్న బజర్ పెడతాడు. అది వద్దనుకుంటే నాన్న చెప్పే అలవాటు ఒకటి, తిరగడం అయిపోయి మళ్లీ యాక్సిలరేటర్ ఇచ్చే ముందు ఎడమ బొటనవేలితో బటన్ ఒకసారి నొక్కడం, లైట్ ఉన్నా లేకపోయినా. నెల రోజులు కావాలని చేస్తే తర్వాత వేలే వెళ్లిపోతుంది. ఇంకొకటి, అవతలి బండికి లెఫ్ట్ ఇండికేటర్ కొట్టుకుంటోందని మీరు దాని ముందుకి వెళ్లకండి. లైట్‌ని కాదు ముందు చక్రాన్ని చూడండి, చక్రం తిరిగితేనే నమ్మండి.

డల్లాస్ నుంచి

నేను పుట్టి పెరిగింది ఖమ్మం, పదకొండేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నా. ఇక్కడ ఎలా ఉంటుందో చెప్తా, అక్కడికి ఎంతవరకు పనికొస్తుందో మీరే చూడండి.

ఇక్కడ చట్టంలోనే దూరం రాసి ఉంది, తిరిగే ముందు కనీసం 100 అడుగులు ఆపకుండా ఇండికేటర్ కొట్టుకుంటూ ఉండాలి. కాలిఫోర్నియాలో కూడా అదే 100 అడుగులు. సుమారు 30 మీటర్లు అనుకోండి. గంటకి 30 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్తే ఆ దూరం దాటడానికి మూడున్నర సెకన్లు, 60లో వెళ్తే రెండు సెకన్లు కూడా పట్టదు. అందుకే నేను అడుగులు లెక్కపెట్టను, మనసులో ఒకటి రెండు మూడు నాలుగు అనుకుని అప్పుడు తిప్పుతా. హన్మకొండ చెల్లెమ్మా, ఎంత ముందు వేయాలి అన్నావు కదా, నాలుగు లెక్కపెట్టు, ఊళ్లో స్పీడ్‌కి సరిపోతుంది. బ్రేక్ మీద చెయ్యి వేయకముందే లెక్క మొదలవ్వాలి, ఎందుకంటే వెనకవాడికి నువ్వు ఎందుకు స్లో అవుతున్నావో ముందే తెలియాలి.

ఇక్కడ పోలీసులు దీనికి ఆపుతారు, ఫోటో తీసి పంపడం కాదు, వెనకే వచ్చి లైట్లు వేసి పక్కకి ఆపిస్తారు. పోయినేడు లేన్ మారుతూ ఇండికేటర్ వేయలేదని నన్ను ఆపారు, రాత్రి పది దాటింది, రోడ్డు మీద నేనూ ఆ పోలీసు తప్ప ఎవరూ లేరు. మీరు పడ్డప్పుడు ఆ కారాయన అన్న మాటే నేనూ అన్నా, ఎవరూ లేరు కదా అని. ఆ ఆఫీసర్ "నేను ఉన్నాను కదా, నువ్వు నన్ను చూడలేదు" అని వార్నింగ్ ఇచ్చి వదిలేశాడు. నాకు నోట మాట రాలేదు, మీ పోస్ట్ చదివాక మళ్లీ అదే గుర్తొచ్చింది. అలా అని ఇక్కడ అందరూ బుద్ధిమంతులు అనుకోకండి, వేయనివాళ్లు ఇక్కడా చాలామంది ఉన్నారు, తేడా ఏంటంటే వేసినవాడికి దారి ఇచ్చేవాళ్లు ఎక్కువ.

ఇండియా వచ్చి నడిపే మనవాళ్లకి ఒక మాట. ఇక్కడ ఇండికేటర్ లీవర్ స్టీరింగ్‌కి ఎడమ పక్కన ఉంటుంది, అక్కడ మారుతి, హ్యుందాయ్‌లో కుడి పక్కన. ప్రతిసారీ నేను దిగిన మొదటి రెండు రోజులు టర్నింగ్‌లో వైపర్లు తిరుగుతాయి, లైట్ వెలగదు. అందుకని ఇప్పుడు మా బావమరిది కారు తీసుకుంటే ముందు ఇంటి ముందే నిలబెట్టి పదిసార్లు కుడీ ఎడమా వేసుకుని చేతికి అలవాటు చేసుకున్నాకే రోడ్డెక్కుతా.

కృష్ణలంక మాస్టారు

బాబూ, నేను విజయవాడలో ముప్పై రెండేళ్లు సైకిల్ మీదే బడికి వెళ్లొచ్చాను, ఇప్పుడు డెబ్బై దాటింది, సాయంత్రాలు ఇంకా తొక్కుతున్నాను. నీ రెండో ప్రశ్నకి జవాబు ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి చెప్తాను.

మా రోజుల్లో సైకిల్‌కి రాత్రిపూట దీపం లేకపోతే, డబుల్స్ వెళ్తే పోలీసు ఆపేవాడు, గాలి తీసేసి నడిపించుకుంటూ వెళ్లమనేవాడు. వాల్వ్ ట్యూబ్ పీకి జేబులో వేసుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. అది మంచో చెడో గానీ చెయ్యి చూపించకుండా తిరిగితే మాత్రం పోలీసు దాకా అక్కర్లేదు, వెనక వచ్చే రిక్షా అతనే తిట్టేవాడు. ఇప్పుడు మోటారు వాహనాల చట్టం సైకిల్‌కి వర్తించదు, లైసెన్స్ లేదు, చలానా లేదు. అందుకని మనకి బాధ్యత లేదని కాదు, నేను చూసే సైకిళ్లలో చాలామంది వెనక్కి చూడకుండా కుడికి లాగేస్తున్నారు, అది కూడా ఆ కారాయన చేసిన పనే.

చెయ్యి చూపించే పద్ధతి. కుడికి తిరగాలంటే కుడి చెయ్యి భుజం ఎత్తున నేరుగా చాపి, అరచెయ్యి ముందుకి పెట్టు. స్లో అవుతున్నావంటే కుడి చెయ్యి చాపి అరచెయ్యి కిందకి పెట్టి పైకీ కిందకీ ఊపు. ఎడమకి అయితే పాత పుస్తకాల్లో కుడి చెయ్యి చాపి అపసవ్యంగా గుండ్రంగా తిప్పమని ఉండేది, అది కారులో కుడి వైపు కూర్చునేవాడి కోసం పెట్టింది, ఈ రోజుల్లో ఎవరికీ అర్థం కాదు. నువ్వు ఎడమ చెయ్యే నేరుగా చాపు.

ఇక బ్యాలెన్స్. మన సైకిళ్లకి మామూలుగా కుడి లీవర్ ముందు బ్రేక్, ఎడమది వెనక బ్రేక్, నీది ఏదో ఒకసారి చూసుకో. కుడి చెయ్యి చాపినప్పుడు ఎడమ చేతిలో వెనక బ్రేక్ ఉంటుంది, గట్టిగా పట్టినా పడవు. ఎడమ చెయ్యి చాపినప్పుడు చేతిలో మిగిలేది ముందు బ్రేక్, అది ఒంటి చేత్తో గట్టిగా పడితే బోర్లా పడతావు. కాబట్టి ఎడమకి చూపించాల్సి వస్తే ముందే స్పీడ్ తగ్గించుకుని, చెయ్యి రెండు మూడు సెకన్లు చూపించి, మళ్లీ హ్యాండిల్ పట్టుకుని, అప్పుడు తిరుగు. తిరుగుతూ చెయ్యి చాపకూడదు. అన్నిటికన్నా ముందు తల తిప్పి వెనక్కి చూడు, నువ్వు తల తిప్పడం వెనకవాడికి కనిపిస్తుంది, చెయ్యి కంటే ముందు అదే సిగ్నల్. ఖాళీ మైదానంలో ఒక సున్నం గీత మీద తొక్కుతూ గీత దాటకుండా తల తిప్పడం, చెయ్యి చాపడం పది రోజులు చెయ్యి, వచ్చేస్తుంది. మా బడి పిల్లలకి నేను అలాగే నేర్పాను.

నిజాంపేట సైకిల్

మాస్టారూ నమస్కారం. మీరు చెప్పినట్టు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పార్కింగ్ గీత మీద నాలుగు రోజులుగా ప్రాక్టీస్ చేస్తున్నా. కుడి చెయ్యి వచ్చేసింది, తల తిప్పితే మాత్రం సైకిల్ ఇంకా అటే లాగుతోంది. నా సైకిల్‌కి మీరన్నట్టే కుడి లీవరే ముందు బ్రేక్, ఏడాదిన్నర తొక్కి ఇప్పటిదాకా ఆ సంగతి ఆలోచించలేదు.

ఇంకో విషయం చెప్పాలి. మీ అందరి మాటలు చదివాక నిన్న రాత్రి స్కూటర్ స్టాండ్ వేసి, ఇండికేటర్ ఆన్ చేసి వెనక్కి వెళ్లి చూశా. ఎడమది ముందు వెలుగుతోంది, వెనక వెలగట్లేదు. బల్బ్ మాడిపోయి లోపల నల్లగా ఉంది, ఎన్నాళ్ల నుంచి అలా ఉందో తెలియదు. మీటర్‌లో గుర్తు మాత్రం మామూలు కన్నా గబగబా కొట్టుకుంటోంది, అది నేను చాలా రోజులుగా చూస్తూనే ఉన్నా, ఏదో లూజ్ కాంటాక్ట్ అనుకున్నా. ఒక బల్బ్ పోతే అలా స్పీడ్‌గా కొట్టుకుంటుందని పొద్దున మెకానిక్ చెప్పాడు. అంటే ఇన్ని రోజులూ లెఫ్ట్ తిరిగిన ప్రతిసారీ నేను వేశాననే అనుకున్నా, వెనక వచ్చేవాడికి మాత్రం ఏం కనిపించలేదు. మెకానిక్ కొత్త బల్బ్ వేశాడు, అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

టెన్ టైర్

మంచిగ చేసినవ్ అన్నా. మేం రోజూ బండి తీసే ముందు చుట్టూ తిరిగి టైర్లు, లైట్లు అన్నీ చూస్తం, పక్కన ఎవలన్న ఉంటే ఎనక లైట్ చూడమని అడుగుతం. బ్రేక్ లైట్ కూడా చూపిచ్చుకున్నవా? గోడకి ఎనక భాగం పెట్టి బ్రేక్ నొక్కు, గోడ ఎర్రగ కనపడాలె.

నిజాంపేట సైకిల్

చూపించుకోలేదన్నా. ఇప్పుడే కిందకి వెళ్తున్నా.